చదువు గది ల్యాప్‌టాప్‌లు: తెర తినే కరెంటు మీద ఒక ప్రాజెక్టు డైరీ

జూన్ 8

మా మేనల్లుడు కవిటి దగ్గరున్న తన ఊళ్లో, రామమందిరాన్ని ఆనుకొని ఉన్న గదిలో, బడి పిల్లలకూ పోటీ పరీక్షలకు చదివే యువతకూ సాయంత్రాలు ఒక చదువు గది నడుపుతున్నాడు. దాని కోసం శ్రీకాకుళంలో ఏడు రోడ్ల కూడలి దగ్గర వాడేసిన ల్యాప్‌టాప్‌లు ఆరు కొన్నాడు. వాటిలో అయిదు ఒకే మోడలువి, ఏడో తరం ఇంటెల్ ప్రాసెసరు ఉన్నవి. ఆరోది ఏఎండీ రైజన్. వాటిని నా బల్ల మీద పెట్టి అతను అడిగింది ఒక్కటే: "కరెంటు పోయినా సాయంత్రం ఆరింటి నుంచి పదింటి దాకా ఆగకుండా చదువుకోగలగాలి మావయ్యా, అంతే సాలు."

ఆ కోరిక వెనుక ఉన్నదేమిటో ఉద్దానం వాళ్లకు వేరే చెప్పనక్కరలేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటినప్పుడు కొబ్బరి, జీడి తోటలతో పాటు కరెంటు స్తంభాలూ నేలకొరిగి, చాలా ఊళ్లు రోజుల తరబడి చీకట్లో గడిపాయి. అంత పెద్ద గాలి రాకపోయినా, వానాకాలంలో సాయంత్రం కరెంటు పోవడం అక్కడ కొత్త సంగతి కాదు.

బ్యాటరీలన్నీ పాతవి. పూర్తిగా నిండినప్పుడు ఎంత శక్తి పడుతుందో, తయారైన రోజున ఎంత పట్టేదో కెర్నెల్ (వీటిలో ఉన్న లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం) విడివిడిగా చూపిస్తుంది. రెండింటినీ పోల్చి చూస్తే చాలా వాటిలో సగానికి కొంచెం పైన మాత్రమే మిగిలింది. కొత్త బ్యాటరీలకు డబ్బు లేదు కాబట్టి ఖర్చునే తగ్గించాలి. ఈ గదిలో జరిగే పని పాఠ్యపుస్తకం పేజీ తెరిచి, రెండు మూడు నిమిషాలు చదివి, తరువాతి పేజీకి వెళ్లడం. అంటే ప్రాసెసరుకు చేయడానికి పని దాదాపు ఏమీ ఉండదు, ఉన్న ఖర్చంతా తెర చుట్టూనే తిరుగుతుంది. అందుకని ఈ ప్రాజెక్టును తెరకూ, దాన్ని నడిపే గ్రాఫిక్స్ డ్రైవరుకూ పరిమితం చేసుకున్నాను.

జూన్ 10

కొలత ఎలా తీసుకోవాలో ముందు తేల్చుకున్నాను. ప్రాసెసరు లోపలి మీటరు ప్యానెల్ వాడకాన్ని లెక్కించదు కాబట్టి అది ఇక్కడ సరిపోదు. బ్యాటరీ నుంచి బయటకు పోతున్న మొత్తాన్నే చదవాలి. కెర్నెల్ దాన్ని మైక్రోవాట్లలో చూపిస్తుంది. ఆ సంఖ్య నిలకడగా ఉండదు కనుక పది సెకన్లకొకసారి చొప్పున ఇరవై నిమిషాలు చదివి, మొదటి అయిదు నిమిషాలు వదిలేసి, మిగతా వాటి సగటు తీస్తున్నాను. తెర వెలుగు ఒకే మెట్టు మీద ఉంచి, వైఫై ఆపి, ఒకే పుస్తకంలోని ఒకే పేజీ తెరిచి పెడుతున్నాను. ఒక్కసారికి ఒక్క అమరికే మార్చాలి. ఇది విసుగు పుట్టించే నియమమే కాని, దీన్ని వదిలితే ఏ మార్పు వల్ల ఎంత తగ్గిందో చెప్పలేము.

మొదటి కొలతలోనే ఒక సంగతి తేలింది. బ్యాక్‌లైట్‌ను పూర్తి వెలుగు నుంచి నలభై శాతానికి తగ్గించినప్పుడు పడిన తేడా, ఆ తరువాత నేను చేయబోయే ఏ మార్పుతోనూ రాదని అర్థమైంది. ఎల్‌సీడీ ప్యానెల్ తనంతట తాను వెలగదు. వెనక ఉన్న ఎల్ఈడీల వెలుగును పిక్సెల్‌కొక కిటికీలా తెరిచి మూస్తూ ఉంటుంది. పేజీ నల్లగా ఉన్నా తెల్లగా ఉన్నా వెనకటి దీపాలు ఒకేలా కాలుతుంటాయి. నల్లటి థీము పెట్టుకుంటే బ్యాటరీ ఎక్కువసేపు వస్తుందని చదువు గది కుర్రాళ్లలో ఒకరు గట్టిగా నమ్ముతున్నారు. ఓఎల్ఈడీ తెర ఉన్న ఫోనులో అది నిజమే, ఎందుకంటే అక్కడ నల్లటి పిక్సెల్ ఆరిపోతుంది. ఈ ల్యాప్‌టాప్‌లలో అది వర్తించదు.

జూన్ 13

బ్యాక్‌లైట్ తరువాత మిగిలిన ఖర్చు ఎక్కడుందో చూడడానికి చిన్న లెక్క వేశాను. తెర మీద అడ్డంగా 1920, నిలువుగా 1080 పిక్సెళ్లు ఉన్నాయి. ఒక్కొక్క పిక్సెల్‌కు మెమరీలో 4 బైట్లు. ఒక ఫ్రేముకు 82,94,400 బైట్లు అవుతాయి. సెకనుకు 60 ఫ్రేములు అంటే, డిస్‌ప్లే ఇంజిన్ మెమరీ నుంచి సెకనుకు దాదాపు 50 కోట్ల బైట్లు చదివి ప్యానెల్‌కు పంపుతోంది. విద్యార్థి ఒక పేజీని మూడు నిమిషాలు చదివితే, ఒక్క అక్షరమైనా మారని అదే బొమ్మ 10,800 సార్లు మెమరీ నుంచి బయలుదేరి తెరను చేరుతుంది. ఈ రవాణా సాగుతున్నంతసేపూ మెమరీ నిద్రపోలేదు, ప్యానెల్‌కు వెళ్లే తీగల మీది సంకేతం ఆగలేదు, ప్రాసెసరు ప్యాకేజీ, అంటే మొత్తం చిప్పు, లోతైన నిద్రలోకి దిగలేదు.

ప్యానెల్ సెల్ఫ్ రిఫ్రెష్, క్లుప్తంగా పీఎస్ఆర్, ఈ వృథా కోసమే పుట్టింది. ల్యాప్‌టాప్ లోపలి తెరల కోసం వెసా (VESA) అనే తెరల ప్రమాణాల సంస్థ రూపొందించే ఈడీపీ ప్రమాణంలో, 2011 నాటి 1.3 కూర్పులో ఇది చేరింది. ప్యానెల్ వెనక ఉండే కంట్రోలరు బోర్డులోనే ఒక ఫ్రేము పట్టేంత మెమరీ ఉంటుంది. బొమ్మ మారడం లేదని డ్రైవరు నిర్ధారించుకున్నాక, చివరి ఫ్రేమును ప్యానెల్ తన మెమరీలో దాచుకొని, అక్కడి నుంచి తానే సెకనుకు 60 సార్లు తెరను నింపుకుంటుంది. గ్రాఫిక్స్ వైపున సంకేతమూ ఆగుతుంది, మెమరీ చదవడమూ ఆగుతుంది. చదివేవారి కంటికి ఏ తేడా ఉండదు. ప్యానెల్ లోపలి మెమరీకి కొంత ఖర్చవుతుంది కాని, అవతలి వైపు ఆగిపోయే పనితో పోలిస్తే అది తక్కువ. బ్యాక్‌లైట్ జోలికి మాత్రం పీఎస్ఆర్ పోదు. ఈ రెండు ఆదాలూ వేరువేరని మేనల్లుడికి ఫోనులో రెండుసార్లు వివరించాను.

జూన్ 14

ఒకే మోడలు కదా, అయిదింటిలోనూ ఒకే ప్యానెల్ ఉంటుందనుకున్నాను. అలా లేదు. తయారీదారులు ఒకే మోడలుకు వేరువేరు కంపెనీల ప్యానెళ్లు బిగిస్తారు. ప్యానెల్ తన సామర్థ్యాలను డీపీసీడీ అనే రిజిస్టర్ల పట్టికలో రాసి ఉంచుతుంది. అందులో హెక్స్ 70వ చిరునామాలో పీఎస్ఆర్ ఉందా, ఉంటే ఏ కూర్పు అనేది ఉంటుంది. అక్కడ సున్నా ఉంటే లేదని అర్థం. డ్రైవరు మొదట చదివేది దాన్నే. కెర్నెల్ లోపలి సంగతులు చూపే డీబగ్‌ఎఫ్‌ఎస్‌లో పీఎస్ఆర్ స్థితి ఫైలు తెరిస్తే మనకూ కనబడుతుంది. ఒకటి, రెండు, మూడు నంబర్ల ప్యానెళ్లకు పీఎస్ఆర్ ఉంది, నాలుగు, అయిదు నంబర్లకు లేదు. మూత మీద తెల్ల స్టిక్కరు అంటించి రాసి పెట్టుకున్నాను.

జూన్ 17

ఒకటో నంబరు మీద పీఎస్ఆర్ ఆపి ఒకసారి, పెట్టి ఒకసారి కొలిచాను. నా కొలతలో సగటు 5.1 వాట్ల నుంచి 4.5 వాట్లకు దిగింది. ఆ బ్యాటరీలో మిగిలిన సామర్థ్యం 24 వాట్-అవర్లు కనుక, లెక్క ప్రకారం చదువుకునే సమయం దాదాపు 40 నిమిషాలు పెరగాలి. ఇది ఈ ఒక్క యంత్రానికి, ఈ వెలుగు మెట్టుకు మాత్రమే చెల్లే అంకె.

రెండో నంబరు మీద మాత్రం పీఎస్ఆర్ పనిచేస్తున్నట్టు స్థితి ఫైలు చెబుతున్నా, ఖర్చు చాలా కొద్దిగా మాత్రమే తగ్గింది. సాయంత్రమంతా ఇదే చూస్తూ కూర్చున్నాను. చివరకు కెర్నెల్ లాగులో జవాబు దొరికింది: డీఎంసీ ఫర్మ్‌వేర్ (ఆ భాగాన్ని నడిపే ప్రోగ్రాము) దొరకలేదు కాబట్టి, పని లేనప్పుడు భాగాలను నిద్రపుచ్చే రన్‌టైమ్ పవర్ నిర్వహణను డ్రైవరు ఆపేసింది. ఈ తరం ఇంటెల్ గ్రాఫిక్స్‌లో డిస్‌ప్లే భాగానికి డీసీ5, డీసీ6 అనే నిద్ర స్థితులున్నాయి. పీఎస్ఆర్ వల్ల ప్యానెల్ తన పని తాను చూసుకుంటున్నప్పుడు, డిస్‌ప్లే ఇంజిన్ తన రిజిస్టర్ల విలువలు భద్రపరచుకొని విద్యుత్తు వదిలి పడుకోవాలి, పిలుపు రాగానే అవే విలువలతో లేవాలి. ఆ భద్రపరచడం, తిరిగి నింపడం చేసేది డీఎంసీ అనే చిన్న మైక్రోకంట్రోలరు. దానికి ప్రోగ్రాము బయటి నుంచి ఫైలుగా ఎక్కించాలి. రెండో నంబరులో ఆపరేటింగ్ సిస్టమ్‌ను తక్కువ ప్యాకేజీలతో పెట్టి ఉండడంతో ఆ ఫైలు లేదు. ఫర్మ్‌వేర్ ప్యాకేజీ వేసి మళ్లీ బూట్ చేయగానే అది ఒకటో నంబరు స్థాయికి వచ్చింది. పీఎస్ఆర్ తలుపు తెరుస్తుందే కాని, తెరిచిన తలుపులోంచి లోపలికి వెళ్లి పడుకోవలసినది వేరే భాగమని ఈ రోజు స్పష్టంగా తెలిసింది.

జూన్ 21

ఈ నాలుగు రోజులూ డ్రైవరు మీద కాకుండా, డ్రైవరును కుదురుగా ఉండనివ్వని వాటి మీద గడిచాయి. ఈ ప్రాజెక్టులో నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించిన భాగం ఇదే.

తెర కదలడం లేదని డ్రైవరుకు తెలియడమెలా? తెర మీద కనబడే బఫరులో, అంటే బొమ్మ ఉండే మెమరీలో, ఎవరైనా రాస్తున్నారా, కొత్త బఫరును ఎవరైనా తెచ్చి పెడుతున్నారా అని ఇంటెల్ గ్రాఫిక్స్‌ను నడిపే ఐ915 డ్రైవరు లెక్క పెట్టుకుంటుంది. దీనికి ఫ్రంట్ బఫర్ ట్రాకింగ్ అని పేరు. మార్పు వచ్చిన వెంటనే పీఎస్ఆర్ నుంచి బయటకు వస్తుంది. మళ్లీ లోపలికి పోవడానికి ముందు కనీసం 6 ఫ్రేములు ఏ కదలికా లేకుండా గడవాలని డ్రైవరులో రాసి ఉంది. 60 హెర్ట్జ్ తెరలో ఇది 100 మిల్లీసెకన్లు. కంటికి ఇది లెక్కలోకి రానంత చిన్న వ్యవధి. కాని తెర మీద ఎక్కడో ఒక మూల ఏదో ఒకటి కదులుతూ ఉంటే, ఆ వ్యవధిని ప్రతిసారీ మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాలి.

మూడో నంబరులో డెస్క్‌టాప్ గడియారం సెకన్లు చూపిస్తోంది. సెకనుకొకసారి రెండే అంకెలు మారతాయి, వాటి కోసం మొత్తం తెరను మళ్లీ పంపాలి, ఎందుకంటే ఈ ప్యానెళ్లలో ఉన్న మొదటి తరం పీఎస్ఆర్‌కు తెరలో ఒక భాగాన్ని మాత్రమే పంపడం తెలియదు. మారిన వరుసలను మాత్రమే పంపే సౌకర్యం ఈడీపీ 1.4తో వచ్చిన పీఎస్ఆర్2లో ఉంది. గడియారం పక్కనే నెట్‌వర్క్ వేగం చూపే చిన్న సూచిక ఇంకొకటి ఉంది. వైఫై ఆపి ఉన్నా అది సున్నాను మళ్లీ మళ్లీ గీస్తోంది. పైగా ఈ రెండూ ఒకే క్షణంలో గీయవు. ఒకటి గీసిన తరువాత ఇంకొకటి గీయడంతో సెకనుకు రెండుసార్లు నిద్ర చెదురుతోంది.

నోట్సు రాసుకునే ఎడిటరులో మిణుకుమిణుకుమనే కర్సర్ ఇలాంటిదే. చాలా అనువర్తనాలు వాడే జీటీకే లైబ్రరీలో, ఏ మీటా నొక్కకుండా పది సెకన్లు గడిస్తే కర్సర్ మిణుకు ఆగిపోయే ఏర్పాటు ముందే ఉంది. దాన్ని రాసినవారికి ఈ సంగతి తెలుసునన్నమాట. టెర్మినల్‌లో, బ్రౌజర్‌లో మాత్రం విడిగా చూసుకోవాలి.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. సెకనుకు రెండుసార్లు లేస్తే కాలంలో ఎక్కువ భాగం పీఎస్ఆర్‌లోనే గడుస్తుంది కదా, నష్టమేమిటని మొదట నేనూ అనుకున్నాను. కాని లోతైన నిద్రలోకి దిగడానికీ లేవడానికీ కూడా శక్తి ఖర్చవుతుంది. పైగా, మార్పు వచ్చిన ప్రతిసారీ గీతలు గీసే అనువర్తనమూ, వాటిని కలిపి తెరకు పేర్చే కంపోజిటరూ, ప్రాసెసరు కోర్లూ, మెమరీ అన్నీ లేస్తాయి. టర్బోస్టాట్ అనే పనిముట్టుతో చూస్తే, గడియారంలో సెకన్లు ఉన్నంతసేపూ ప్యాకేజీ లోతైన నిద్రలో గడిపిన శాతం బాగా తక్కువగా ఉంది. సెకన్లు తీసేసి, నెట్‌వర్క్ సూచిక తొలగించి, కర్సర్ మిణుకు ఆపేసరికి అదే అంకె స్పష్టంగా పెరిగింది. డ్రైవరులో నేను ఒక్క అమరికా మార్చలేదు. తెర విద్యుత్తు ఆదా గురించి వెతికేవారు కెర్నెల్ ఆప్షన్ల జాబితాలు చూస్తుంటారు, నేనూ అక్కడే మొదలుపెట్టాను. ముందుగా చూడవలసినది మాత్రం, ఎవరూ చదవని చోట ఏమి కదులుతోందన్నది.

పీడీఎఫ్ చదివే అనువర్తనాన్ని కూడా ఇదే కంటితో పరీక్షించాను. పేజీ మార్చినప్పుడు జారుతున్నట్టు చూపే యానిమేషన్ ఆపేశాను. పేజీ నిలిచిన తరువాత స్థితి ఫైలులో ఫ్రంట్ బఫరును కదిలించేవారిని చూపే బిట్లన్నీ సున్నాగా కనబడేదాకా వదలలేదు.

జూన్ 24

మూడో నంబరు తెర అప్పుడప్పుడు ఒక్క క్షణం అదురుతోంది. పేజీ తిప్పినప్పుడే, అది కూడా చాలాసేపు నిశ్చలంగా ఉన్న తరువాతనే వస్తోంది. పీఎస్ఆర్ నుంచి బయటకు వచ్చేటప్పుడు ఆగిన లింకును మళ్లీ లేపి, రెండు చివరలూ లయలో పడాలి. ప్యానెల్ తాను చెప్పినంత వేగంగా లేవకపోతే ఇలా అవుతుంది. డ్రైవరు ఆప్షనులో పీఎస్ఆర్‌కు సున్నా ఇస్తే అదురు పూర్తిగా పోయింది. వేరే కెర్నెల్ కూర్పులు రెండు వేసి చూశాను, మారలేదు. చదువుకునే పిల్లల కళ్లకు అదిరే తెర ఇవ్వడం తప్పు కనుక, ఆ ఒక్క యంత్రంలో పీఎస్ఆర్ ఆపేశాను. అన్నిటికీ ఒకే అమరిక పెట్టి ఉంటే, ఈ ఒక్కదాని కోసం మిగతా రెండూ నష్టపోయేవి.

జూన్ 26

పీఎస్ఆర్ లేని వాటి సంగతి. ప్యానెల్ రెండు రిఫ్రెష్ రేట్లు ప్రకటిస్తే, నిశ్చలంగా ఉన్నప్పుడు తక్కువ రేటుకు దిగే డీఆర్ఆర్ఎస్ అనే సౌకర్యం ఐ915లో ఉంది. నాలుగో నంబరు ప్యానెల్ 60తో పాటు 48 హెర్ట్జ్ కూడా చెబుతోంది. ఒక సెకను కదలిక లేకపోతే డ్రైవరు 48కి దించుతుంది, పేజీ తిప్పగానే 60కి ఎక్కిస్తుంది. మెమరీ నుంచి చదివే భారం అయిదింట ఒక వంతు తగ్గుతుంది. పీఎస్ఆర్, డీఆర్ఆర్ఎస్ రెండూ ఉన్న చోట డ్రైవరు పీఎస్ఆర్‌నే ఎంచుకుంటుంది. రవాణాను తగ్గించడం కన్నా ఆపడమే మేలు కదా. పీఎస్ఆర్ ఆపేసిన మూడో నంబరుకు కూడా ఇది పనికొస్తుందేమోనని చూశాను, ఆ ప్యానెల్ 60 ఒక్కటే చెబుతోంది. అయిదో నంబరుదీ అంతే.

ఈ మూడింటికీ ఫ్రేమ్ బఫర్ కంప్రెషన్ ఉంది. తెర బొమ్మను బయోస్ పక్కకు తీసి పెట్టిన మెమరీలో కుదించి ఉంచుకొని, డిస్‌ప్లే ఇంజిన్ అసలు బఫరుకు బదులు దాన్నే చదువుతుంది. తెల్లటి పేజీ మీద నల్లటి అక్షరాలున్న బొమ్మ బాగా కుదించుకుపోతుంది. అప్రమేయంగానే పనిచేస్తోంది, స్థితి ఫైలు చూసి సరిపెట్టుకున్నాను.

జూన్ 30

ఏఎండీ యంత్రాన్ని వారం ముందే ఊరికి పంపి, ఒక విద్యార్థినికి ఇచ్చాను. ఆమె డిగ్రీ పూర్తిచేసి గ్రూప్ పరీక్షలకు చదువుతోంది. నిన్న ఫోను చేసి, "మాస్టారూ, చార్జరు తీసేత్తే తెర ఏటో పేలవంగా అయిపోతంది. మేపులో నదులకీ రాష్ట్రాల రంగులకీ తేడా తెలీట్లేదు" అంది.

ఆమె చెప్పినది యంత్రంలోని లోపం కాదు. ఏఎండీ డ్రైవరులో బ్యాక్‌లైట్‌ను బొమ్మనుబట్టి సర్దే ఏబీఎం అనే సౌకర్యం ఉంది, దానికి 0 నుంచి 4 వరకు మెట్లు. 2024 మే నెలలో వచ్చిన లైనక్స్ 6.9 నుంచి ఈ మెట్టును నడుస్తున్న యంత్రంలోనే మార్చే వీలు కల్పించారు. పవర్ ప్రొఫైళ్లను నడిపే సేవ దాన్ని అందుకొని, బ్యాటరీ మీదికి రాగానే తానే పెంచుతోంది.

దీని వెనక ఉన్న లెక్క అందమైనది. కంటికి చేరే వెలుగు, వెనకటి దీపం వెలుగును పిక్సెల్ కిటికీ ఎంత వదులుతుందో దానితో గుణిస్తే వచ్చేది. తెర గామా (పిక్సెల్ విలువ పెరిగేకొద్దీ వెలుగు ఎలా పెరుగుతుందో చెప్పే ఘాతం) 2.2 అనుకుంటే, పూర్తి బ్యాక్‌లైట్‌లో 186 విలువ ఉన్న పిక్సెల్ ఎంత వెలుగు ఇస్తుందో, సగం బ్యాక్‌లైట్‌లో 255 విలువ ఉన్న పిక్సెల్ అంతే ఇస్తుంది. బొమ్మలో 186కు మించిన పిక్సెల్ లేకపోతే దీపాన్ని సగానికి తగ్గించి, పిక్సెళ్ల విలువలు పెంచి, తేడా తెలియకుండా ఆదా చేయవచ్చు. చీకటి దృశ్యాలున్న సినిమాకు ఇది చక్కగా నప్పుతుంది. మన విద్యార్థిని చదివేది తెల్లటి పేజీ. అక్కడ పిక్సెళ్లు అప్పటికే 255లో ఉన్నాయి, పెంచడానికి చోటు లేదు. దీపం తగ్గితే తెలుపు బూడిదవుతుంది. లేత రంగులను పైకి నెట్టితే నది నీలమూ రాష్ట్రపు లేత పసుపూ రెండూ తెలుపు వైపు జరిగి దగ్గరైపోతాయి. పీఎస్ఆర్ చూసేవారి నుంచి ఏమీ తీసుకోకుండా ఆదా చేస్తుంది, ఏబీఎం బొమ్మలో కొంత తీసుకొని ఆదా చేస్తుంది. రెండోదాన్ని చదివేవారిని అడగకుండా పెట్టకూడదని నా అభిప్రాయం. పటం చదవలేని తెర ఎంతసేపు వెలిగినా ఆ అమ్మాయికి ఉపయోగం లేదు.

మెట్టును 0కి దించి, తనంతట తాను మార్చవద్దని ఆ సేవకు చెప్పాను. బ్యాటరీ బాగా తగ్గిపోయిన రాత్రి కావాలంటే 1కి పెంచుకునేలా డెస్క్‌టాప్ మీద ఒక బటను పెట్టి, అది ఏమి చేస్తుందో తెలుగులో రెండు వాక్యాలు రాశాను. ఆమె నొక్కి చూసి, "పాఠం చదివేటప్పుడు పర్లేదు మాస్టారూ, మేపు చూసినప్పుడు తీసేత్తాను" అంది. అంతకన్నా మంచి అమరిక నేను పెట్టలేను.

జూలై 6

మిగతా అయిదూ ఊరికి చేర్చాను. చదువు గదిలో ట్యూబులైటు కింద కూర్చుని ప్రతి తెరకూ చదవడానికి హాయిగా ఉండే కనిష్ఠ వెలుగు మెట్టును పిల్లలతోనే ఎంపిక చేయించాను. నా గదిలో నేను ఎంచుకున్న మెట్టు కన్నా వాళ్లు రెండు మెట్లు తక్కువే ఎంచుకున్నారు.

జూలై 12

నిన్న సాయంత్రం వాన మొదలవుతూనే కరెంటు పోయిందని మేనల్లుడు రాశాడు. పదింటి దాకా అయిదు నిలిచాయి. అయిదో నంబరు మాత్రం తొమ్మిదిన్నరకే ఆగిపోయింది. పీఎస్ఆర్ లేనిది, రిఫ్రెష్ రేటు దించలేనిది, పైగా అరిగిన బ్యాటరీ ఉన్నది అదే. ఇంటెల్ యంత్రాలన్నీ ఒకే మోడలువి కనుక బ్యాటరీలు ఒకదానిది ఇంకొకదానికి సరిపోతాయి. ఎక్కువ సామర్థ్యం మిగిలిన బ్యాటరీ రెండో నంబరులో ఉంది. దాని తెర తక్కువ తింటుంది కాబట్టి అరిగిన బ్యాటరీతోనూ అది నాలుగు గంటలు దాటగలదని లెక్క తేలింది. వచ్చే ఆదివారం స్క్రూడ్రైవరు తీసుకొని వెళ్లి ఆ రెండింటినీ మార్చి, రెండింటి మీదా మళ్లీ ఇరవై నిమిషాల కొలత తీసుకోవాలి.